ఆమె ముందే చెప్పింది

ముగింపు ముందే చెప్పేస్తున్నాను. అలెక్స్ మైకలిడీస్ నవల ‘ద సైలెంట్ పేషెంట్’లో, భర్తని కాల్చి చంపి మాట మానేసిన అలీసియాకి వైద్యం చేయటానికి వచ్చిన సైకోథెరపిస్టు థియో ఫేబరే హత్య జరిగిన రాత్రి ముసుగు వేసుకుని ఆమె ఇంట్లో జొరబడ్డవాడు. అంతకు ముందు ఆమె ఇంటి చుట్టూ తిరుగుతూ ఆమెని దొంగచాటుగా చూస్తూ ఉన్నవాడూ అతనే. 2019లో వచ్చిన ఈ నవలని ఇంకా చదవని వాళ్ళకి నా మీద కోపం రావచ్చు. రానివ్వండి. ముగింపు దాచిపెట్టి ఈ నవల గురించి మాట్లాడితే అట్ట మీది బొమ్మ గురించి మాట్లాడినట్లే ఉంటుంది.

కథ తెలియని వాళ్ళ కోసం కొద్దిగా చెప్తాను. అలీసియా బెరెన్సన్ లండన్‌లో పేరున్న చిత్రకారిణి. భర్త గాబ్రియల్ ఫాషన్ ఫొటోగ్రాఫర్. ఒక రాత్రి ఆమె అతని ముఖం మీద ఐదుసార్లు కాలుస్తుంది. ఆ తర్వాత నోరు విప్పదు. పోలీసులతో మాట్లాడదు, కోర్టులో మాట్లాడదు, ఆమెని ఉంచిన ‘ద గ్రోవ్’ అనే మానసిక చికిత్సాలయంలోనూ మాట్లాడదు. ఆరేళ్ళ తర్వాత థియో అక్కడ ఉద్యోగంలో చేరతాడు. ఆమె చేత మాట్లాడిస్తానంటాడు. కథ చెప్పేది అతనే. మధ్యమధ్య అలీసియా రాసుకున్న పాత డైరీలోని పేజీలు వస్తాయి. ఇంకో పక్క థియో తన సంసారం గురించి చెప్తుంటాడు. భార్య కాథీకి వేరే సంబంధం ఉందని తెలియటం, ఆమె వెనకాలే వెళ్ళి ఆ మనిషెవరో చూడటం, అతని ఇల్లు కనుక్కోవటం. అలీసియాకి చికిత్స, కాథీ వ్యవహారం ఒకే కాలంలో జరుగుతున్నాయనుకుంటూ చదువుతారు పాఠకులు. అవి ఒక కాలానివి కావు. కాథీ వ్యవహారం ఆరేళ్ళ కిందటిది. కాథీ ప్రియుడు గాబ్రియలే. ఈ అతుకు కనబడకుండా కుట్టటంలోనే నవల పనితనమంతా ఉంది.

ఈ నవల చదివిన వాళ్ళు ఎక్కువగా అనే మాట, ‘అస్సలు ఊహించలేదు’ అని. ఊహించకుండా చేయగలగటమే రచయిత గొప్పతనమని సమీక్షకులు కూడా మెచ్చుకున్నారు. పనితనం ఉంది, కాదనను. కానీ ఒక్క పనితనంతోనే ఇది సాధ్యమయిందా అన్నది నా ప్రశ్న. ఏ గారడీ అయినా చూసేవాళ్ళ చూపు ఎటు తిరుగుతుందో ముందే తెలిస్తేనే పారుతుంది. ఈ గారడీ పారటానికి పాఠకుల చూపు ఎటు తిరగాలి?

అలీసియా డైరీలో ఏం రాసిందో చూడండి. ఎవరో మనిషి ఇంటి బయట నిలబడి తనని చూస్తున్నాడని రాసింది. ఆ మాట భర్తకి చెప్పింది. భర్త నమ్మలేదు. గతంలో ఆమె మానసికంగా కుంగిపోయిన చరిత్ర ఒకటుంది కనుక మళ్ళీ అదే మొదలైందనుకున్నాడు. డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరూ నమ్మలేదు, మందులు రాశాడు. ఆ మనిషి నిజంగానే ఉన్నాడు. నిజంగానే చూస్తున్నాడు. నిజంగానే ఇంట్లోకి వచ్చాడు. అంటే నవల చివర పేలే బాంబు ఏమిటి? ఒక స్త్రీ చెప్పినది నిజం అన్నది. అది కొత్తగా బయటపడిన రహస్యం కూడా కాదు. ఆమె ముందే చెప్పింది. పుస్తకంలో అందరికీ కనబడేటట్టు అచ్చయి ఉంది.

ఇంకొక సంగతి గమనించాలి. అలీసియా డైరీకి తేదీలున్నాయి. ఏ రోజు ఏం జరిగిందో రాసి ఉంది. థియో తన భార్య గురించి చెప్పే భాగాలకి తేదీలు లేవు. ఎప్పుడు జరిగిందో చెప్పడు, ఎవరూ అడగరు. తేదీలు వేసి రాసిన మాట అనుమానంలో పడింది. తేదీ లేని మాట సాఫీగా చెల్లిపోయింది. ఎందుకు చెల్లింది? అతను వైద్యరంగంలో ఉన్నవాడు, చదువుకున్నవాడు, మెల్లగా మర్యాదగా మాట్లాడేవాడు, తన బాల్యంలో తండ్రి పెట్టిన హింస గురించి చెప్పి మన సానుభూతి సంపాదించుకున్నవాడు. ఆమె పిచ్చాసుపత్రిలో ఉన్నది. ఇంత మాత్రం చాలు. మిగిలిన పని శతాబ్దాలుగా మన బుర్రల్లో పేరుకున్న అలవాటు చేసిపెడుతుంది. రచయిత ఆ అలవాటుని అప్పు తెచ్చుకున్నాడు. తిరిగి కట్టాడా లేదా అన్నదే అసలు సంగతి.

ఇది మైకలిడీస్ కనిపెట్టిన ఎత్తు కాదు. కథ చెప్పేవాడే నేరస్థుడు కావటానికి పేరుమోసిన ఉదాహరణ అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్’. అందులోనూ కథకుడు డాక్టరే, ఊరి డాక్టరు షెపర్డ్. ఆ నవల గురించి దాదాపు వందేళ్ళుగా జరుగుతున్న చర్చంతా ‘కథకుడు పాఠకుల్ని మోసం చేయవచ్చా, అది ఆట నియమాలకి విరుద్ధం కాదా’ అన్న చోటే తిరుగుతూ ఉంటుంది. షెపర్డ్ అక్క కరోలిన్ సంగతి ఎత్తేవాళ్ళు తక్కువ. ఆమె పెళ్ళికాని స్త్రీ. ఊళ్ళో కబుర్లన్నీ పోగేస్తుందని తమ్ముడు వెక్కిరిస్తుంటాడు. నవల మొదట్లోనే ఆమె ఒక మాట అంటుంది, మిసెస్ ఫెరార్స్ తన భర్తకి విషం పెట్టి చంపిందని. తమ్ముడు కొట్టిపారేస్తాడు. తీరా చూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ సంగతి షెపర్డ్‌కి అప్పటికే తెలుసు కూడా. ఆ రహస్యం పట్టుకుని మిసెస్ ఫెరార్స్ దగ్గర డబ్బు గుంజుతున్నది అతనే కాబట్టి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక స్త్రీ చెప్పింది నిజమని తెలిసి, తెలిసే, అదంతా ఆడవాళ్ళ కబుర్ల కింద కొట్టిపారేశాడు ఒక డాక్టరు. పాఠకులు అతనితో కలిసి నవ్వారు. 93 ఏళ్ళ తర్వాత ఇంకొక నవలలో ఇంకొక వైద్యుడు, ఒక స్త్రీ తన గురించే రాసిన డైరీ చేతిలో పట్టుకుని చదువుతాడు. ఆమె రాసిన ‘ఆ మనిషి’ తానేనని అతనికి తెలుసు. అయినా రోగి మానసిక స్థితి ఏమై ఉంటుందా అని మనతో కలిసి ఆలోచిస్తున్నట్టు నటిస్తాడు. పాఠకులు అతనితో కలిసి ఆలోచిస్తారు. క్రిస్టీ మాత్రం కరోలిన్‌ని ఊరికే వదిలేయలేదు. తర్వాతి రోజుల్లో తాను సృష్టించిన మిస్ మార్పుల్‌కి మూలం బహుశా కరోలినే అని ఆత్మకథలో చెప్పుకుంది. ఊరి కబుర్లు పోగేసే పెళ్ళికాని స్త్రీని డిటెక్టివ్ చేసి కూర్చోబెట్టింది. అప్పు తీర్చటం అంటే నా ఉద్దేశంలో అది.

ఈ రకం నవలల్లోని మలుపులన్నిటినీ వరసగా పెట్టి చూస్తే రెండే రెండు మూసలు ఎక్కువగా కనబడతాయి. ఒకటి, ఆమె అబద్ధం చెప్తోందనుకున్నాం, నిజమే చెప్పింది. రెండు, ఆమె నిజం చెప్తోందనుకున్నాం, అబద్ధం చెప్పింది. మొదటి మూసకి ‘ద సైలెంట్ పేషెంట్’తో పాటు పౌలా హాకిన్స్ నవల ‘ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్’ (2015) ఉదాహరణ. రెండో మూసకి గిలియన్ ఫ్లిన్ నవల ‘గాన్ గర్ల్’ (2012). అందులో ఏమీ రాసిన డైరీ మొత్తం భర్తని ఇరికించటానికి కల్పించి రాసినది. ఆమె తనమీద అత్యాచారం జరిగిందని కూడా అబద్ధపు ఆరోపణలు చేస్తుంది. స్త్రీ దుర్మార్గురాలిగా ఉండకూడదని నేననను. మంచితనం మన నెత్తిన రుద్దిన బరువుల్లో ఒకటి, దాన్ని దించుకునే హక్కు పాత్రలకీ ఉంది. కానీ ఆ దుర్మార్గం ఎప్పుడూ ఒకే రూపంలో, అత్యాచారం జరిగిందని అబద్ధం చెప్పటం, కడుపు వచ్చిందని మగవాణ్ణి కట్టిపడేయటం అనే రూపంలోనే ఎందుకు రావాలి? పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో ఏ మాట ఎదుర్కోవటానికి మనం ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నామో సరిగ్గా ఆ మాటే అక్కడ కథని నడిపే ఇరుసు.

రెండు మూసల్లోనూ విచారణలో నిలబడేది స్త్రీ మాటే. నమ్మాలా వద్దా అన్న తూకం ఆమెకే. మగ కథకుడి విషయంలో ఆ తూకం చివరి పేజీల దాకా బయటికే రాదు. అందుకే అతని అబద్ధం షాక్ అవుతుంది, ఆమె నిజం షాక్ అవుతుంది. ‘నమ్మదగని కథకుడు’ అన్నది 1961లో వేన్ బూత్ తన పుస్తకం ద్వారా విమర్శలోకి తెచ్చిన మాట. మనం క్లాసుల్లో దాన్ని ఒక శిల్పపద్ధతిగా, స్త్రీపురుష భేదం లేని పరికరంగా చెప్తాం. ఆ పరికరం మగవాడి చేతిలో ఒక రకంగా, ఆడదాని చేతిలో ఇంకో రకంగా పనిచేస్తుందని చెప్పం.

దీనికొక జవాబు వస్తుందని నాకు తెలుసు. ఈ నవలలు రాస్తున్న వాళ్ళలో స్త్రీలు ఎందరో ఉన్నారు, చదువుతున్న వాళ్ళలోనూ ఉన్నారు. పైగా మలుపు మన పక్షపాతాన్ని మనకే చూపిస్తుంది కదా, ‘చూశారా, మీరు ఆమెని నమ్మలేదు’ అని చెంపదెబ్బ కొట్టినట్టే కదా, అది స్త్రీవాదం చేయాల్సిన పనే కదా అంటారు. ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. మలుపు ఆ పని చేయగలదు. చేసిన సందర్భాలున్నాయి. చేసిందో లేదో తెలుసుకోవటానికి నేను చూసేది ఒకటే. బయటపడిన నిజం చివరికి ఎవరి చేతికి చేరింది?

1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకం ‘గాస్ లైట్’నే తీసుకోండి. 1944లో జార్జ్ కుకర్ దాన్ని హాలీవుడ్‌లో సినిమాగా తీశాడు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ వచ్చింది. భార్యకి మతి చలించిందని ఆమెనే నమ్మించే భర్త కథ అది. ఇంట్లో గాసు దీపాలు తగ్గిపోతున్నాయని ఆమె అంటుంది, అదంతా నీ భ్రమ అంటాడతను. దీపాలు నిజంగానే తగ్గుతున్నాయి. అక్కడ కూడా ఆమె కళ్ళకి కనిపించిన దాన్ని ఒక డిటెక్టివ్ వచ్చి ఖాయం చేయాల్సి వచ్చింది, నిజమే. కానీ చివర్లో కుర్చీకి కట్టేసి ఉన్న భర్త ఎదుట ఆమె ఒంటరిగా నిలబడుతుంది. నన్ను విడిపించమని అతను బతిమాలితే, తాను పిచ్చిదాన్ని కదా, పిచ్చిది ఎలా సాయం చేయగలదని అతని మాటనే అతనికి అప్పజెప్తుంది. నిజం ఆమె చేతికి వచ్చింది, దాన్ని ఆమె తన నోటితో వాడుకుంది. ఆ సినిమా పేరు ఇవాళ ఒక క్రియాపదం అయి కూర్చుంది. 2022లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు ‘గాస్‌లైటింగ్’ని ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు. తమకి జరుగుతున్నది ఇదీ అని చెప్పుకోవటానికి ఎందరో స్త్రీలకి ఆ కథ ఒక మాటనిచ్చింది.

‘ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్’లో రేచెల్ తాగుడుకి బానిస. తాగిన మత్తులో ఏం చేసిందో ఆమెకి గుర్తుండదు. నువ్వు అది చేశావు, ఇది పగలగొట్టావు అని మాజీ భర్త టామ్ చెప్పినవన్నీ తన జ్ఞాపకాలుగా మోస్తూ తిరుగుతుంది. అవి అబద్ధాలు. ఆ నవలలో కథ చెప్పేది ముగ్గురు స్త్రీలు. నిజం ఏ ఇన్‌స్పెక్టరో తెచ్చి ఇవ్వడు. రేచెల్ తన మెదడుని తానే తవ్వుకుని జ్ఞాపకాలు తిరిగి సంపాదించుకుంటుంది. ఆ నవలతో నాకు వేరే పేచీలున్నాయి. కానీ ఈ ఒక్క విషయంలో అది నిజాయితీగా ఉంది. ఎవరి జ్ఞాపకాన్ని దొంగిలించారో వాళ్ళకే తిరిగి ఇచ్చింది.

అలీసియాకి ఏం దక్కింది? థియో వచ్చిన మొదటి రోజే ఆమె అతన్ని గుర్తుపట్టింది. చాలా కాలానికి నోరు విప్పి ఆ రాత్రి కథని కొంత మార్చి చెప్తుంది. అది అబద్ధమని అతనికి వెంటనే తెలుస్తుంది, అక్కడ ఉన్నది తానే కనుక. తనని గుర్తుపట్టిందనీ తెలుస్తుంది. మార్ఫిన్ ఎక్కించి ఆమెని కోమాలోకి తోసేస్తాడు. స్పృహ పోయేలోపు ఆమె డైరీలో చివరి పేజీలు రాసి తన చిత్రపటం వెనకాల దాచిపెడుతుంది. ఆ డైరీని ఒక పోలీస్ ఇన్‌స్పెక్టరు థియో ఇంటికి తెచ్చి అతనికే చదివి వినిపించబోతాడు. అక్కడితో నవల అయిపోతుంది. ఆరేళ్ళు మాట్లాడని స్త్రీ మాట్లాడింది, మాట్లాడిన ఫలితంగా శాశ్వతంగా మూగబోయింది. ఆమె రాసిన ఆఖరి మాటలు ఒక మగవాడి గొంతులో ఇంకొక మగవాడి చెవిన పడ్డాయి. నిజం బయటపడిన క్షణం థియోదీ, పాఠకులదీ. ఆమెది మాత్రం కాదు. అప్పు తీర్చలేదని నేనన్నది ఇందుకే.

విచారించాల్సింది ఏమిటంటే, ఈ నవలకి ఇంతకంటే మంచి పుస్తకం అయ్యే అవకాశం ఉండింది. అలీసియా తన చివరి చిత్రపటానికి ‘ఆల్సెస్టిస్’ అని పేరు పెడుతుంది. యూరిపిడీస్ నాటకం అది, క్రీస్తుపూర్వం 438లో ఏథెన్స్‌లో ప్రదర్శించారు. రాజు అడ్మెటస్‌కి చావు రాసిపెట్టి ఉంది. బదులుగా ఇంకెవరైనా చస్తే అతను బతుకుతాడు. ముసలి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, భార్య ఆల్సెస్టిస్ ఒప్పుకుంది. చచ్చిపోయిన ఆమెని హెరాక్లిస్ మృత్యువుతో కలబడి వెనక్కి తెస్తాడు. మేలిముసుగులో నిలబెట్టిన ఆమె మాట్లాడదు. మూడోరోజు దాకా మాట్లాడకూడదని నాటకంలో ఒక కారణం చెప్తారు. ఆ కారణం రెండువేల నాలుగువందల ఏళ్ళుగా చదివే వాళ్ళని తృప్తిపరచలేదు. నా బదులు నువ్వు చావు అన్న మనిషి ముందు నిలబడి ఆమె ఏం మాట్లాడాలి?

మనకి ఇలాంటి కథ అనగానే సావిత్రి గుర్తొస్తుంది. భర్త ప్రాణం కోసం యముడి వెంట నడిచింది. అయితే తేడా చూడండి. సావిత్రి ఆయుధం మాటే. యముడితో వాదించి, మాటలో అతన్ని ఇరికించి వరాలు గుంజుకుంది. ఇంత వాదన చేసిన స్త్రీని మనం తార్కికురాలిగా గుర్తుపెట్టుకోలేదు, పతివ్రతగా పటం కట్టి గోడకి తగిలించాం. అక్కడ ఆల్సెస్టిస్ మౌనాన్ని చూసి ఎంత మంచి ఇల్లాలో అన్నారు. మాట్లాడినా మాట్లాడకపోయినా చేతికి అందేది ఒకటే బిరుదు.

థియో ఆ రాత్రి గాబ్రియల్‌ని కట్టేసి, నువ్వు చస్తావా, నీ భార్య చావాలా అని అడుగుతాడు. గాబ్రియల్ తన ప్రాణాన్నే కోరుకుంటాడు. ముసుగు మనిషి ఇద్దర్నీ చంపకుండా వెళ్ళిపోతాడు. అప్పుడు అలీసియా తుపాకీ తీసుకుంటుంది. చిన్నప్పుడు కారు ప్రమాదంలో తల్లి చనిపోతే, ఆమె బదులు ఈ పిల్ల పోయినా బాగుండేదన్న తండ్రి మాట కూడా ఆమె విని ఉంది. నాన్న ఒకసారి, మొగుడు ఒకసారి ఆమె చావుని కోరుకున్నారు. అలాంటి మనిషి మాట మానేయటంలో ఎంత కోపం ఉంది, మాట్లాడి ఏం ప్రయోజనమన్న ఎంత స్పష్టత ఉంది! ఆ మౌనాన్ని పట్టుకుని ఒక నవల రాస్తే మనందరం తలవంచి చదివేవాళ్ళం. రచయిత దాన్ని తాళంకప్పగా వాడుకున్నాడు. తాళంచెవి థియో చేతికిచ్చాడు. తాళం తీశాక కప్పతో ఎవరికి పని?

ఇంకో దారి ఉందని చూపించిన రచన ఇంగ్లీషులో 1892లోనే వచ్చింది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ కథ ‘ద ఎల్లో వాల్‌పేపర్’. అందులోనూ భర్త డాక్టరు, భార్యకి విశ్రాంతి పేరుతో గది నిర్బంధం, రాయకూడదన్న ఆంక్ష, చాటుగా ఆమె రాసుకోవటం అన్నీ ఉన్నాయి. గిల్మన్ స్వయంగా అలాంటి ‘విశ్రాంతి చికిత్స’ అనుభవించింది. ఆమె చూసేవి భ్రమలేనని పాఠకురాలికి తెలుస్తూనే ఉంటుంది. తెలిసి కూడా పాఠకురాలు ఆ గదిలో ఆమె పక్కనే ఉంటుంది, డాక్టరు పక్కకి వెళ్ళదు. అలీసియా చూసినది భ్రమ కాదు, నిజం. అయినా పాఠకులు డాక్టరు పక్కనే ఉన్నారు. ఆ కథలో పిచ్చిదాని మాటకి దక్కిన గౌరవం ఈ నవలలో నిజం చెప్పినదానికి దక్కలేదు.

ఇదంతా ఇంగ్లీషు నవలల గొడవ, మనకెందుకు అనేవాళ్ళుంటారు. స్త్రీ మాటని ముందు అనుమానించి తర్వాత వినాలన్న సూత్రం నవలల్లో పుట్టలేదు. మన దేశంలో 1872 నాటి సాక్ష్యాధార చట్టం దాన్ని చట్టంగా రాసి ఇచ్చింది. ఆ చట్టాన్ని తయారుచేసినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, వర్జీనియా వుల్ఫ్‌కి స్వయానా పెదనాన్న. అందులోని 155వ సెక్షన్ నాలుగో క్లాజు ప్రకారం, అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యం నమ్మదగనిదనవచ్చు. 2002 నాటి సవరణ చట్టం వచ్చేదాకా అది అలాగే ఉంది. దాదాపు 130 ఏళ్ళు. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసి, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపినప్పుడు విచారణలో ఏం జరిగిందో మన ఉద్యమంలో ఉన్న పెద్దవాళ్ళకి గుర్తుంది. ఆమె చెప్పిన సంఘటన కంటే ఆమె పెళ్ళిళ్ళ మీద, నడత మీద ఎక్కువ ప్రశ్నలు వేశారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆమెని నమ్మింది. తర్వాత రాయచూరు కోర్టులో కేసు నడిచి పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

నమ్మదగని కథకురాలు అంటే ఏమిటో మనకి విమర్శ గ్రంథాలు నేర్పించక్కరలేదు. అయితే కోర్టులో ఆ అనుమానం మనల్ని మండిస్తుంది, నవలలో అదే అనుమానం మనల్ని పేజీ తిప్పిస్తుంది. నిద్ర మానుకుని చదివించే ఆ ఆనందం దేనితో తయారైందో అడగటం తప్పు కాదు. థ్రిల్లర్లు చదవొద్దని నేననటం లేదు. నేనూ చదువుతాను, ఇష్టంగానే చదువుతాను. స్త్రీలు కాలక్షేపానికి చదివే పుస్తకాలని చిన్నచూపు చూసే విమర్శకుల బారిలో నేను లేను. చిన్నచూపు లేదు కనుకే వీటిని గట్టి విమర్శకి తగిన పుస్తకాలుగా చూడాలంటున్నాను.

అలా చూడనివ్వకుండా అడ్డుపడుతున్నది ‘ముగింపు చెప్పొద్దు’ అన్న నియమం. మొదట ఇది ప్రచురణకర్తల వ్యాపార అవసరం. ఇప్పుడు చదివే వాళ్ళ మర్యాద అయిపోయింది. సమీక్షలన్నీ ‘ఇంతకంటే చెప్తే బాగుండదు’ అన్న చోట ఆగిపోతాయి. ఒక పత్రిక నన్ను ఈ నవల మీద రాయమని అడిగి, ముగింపుని చర్చించిన రెండు పేరాలూ తీసేసి మిగిలింది వేసింది. మిగిలినదాంట్లో కథాసారాంశం, శైలి బాగుందన్న ముక్క ఉన్నాయి. అంటే ఈ పుస్తకాల గురించి మెచ్చుకోలు తప్ప ఇంకేమీ అచ్చు కాకుండా నియమమే చూసుకుంటుంది. ఒక రచన స్త్రీని ఏం చేసిందన్నది దాని ముగింపులోనే ఉన్నప్పుడు, ముగింపు చెప్పొద్దంటే ఆ రచన రాజకీయం మాట్లాడొద్దని అర్థం. ‘రెబెకా’ (1938) గురించి మాట్లాడేటప్పుడు మాక్సిమ్ తన మొదటి భార్యని కాల్చి చంపాడన్న సంగతి దాచిపెడితే మిగిలేది ఏమిటి? ఒక పెద్ద బంగళా, ఒక బెదురు చూపుల అమ్మాయి. హంతకుణ్ణి కాపాడటంలో రెండో భార్య ఎలా భాగస్వామి అయిందన్న అసలు ప్రశ్న చర్చకే రాదు. 1940లో హిచ్‌కాక్ సినిమా ఆ హత్యని ప్రమాదంగా మార్చేసింది, భార్యని చంపినవాడు శిక్ష లేకుండా బయటపడటానికి ఆనాటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు కనుక. ముగింపు మాట్లాడకపోతే ఆ మార్పు ఎంత పెద్దదో కూడా చెప్పలేం.

కాబట్టి ఈ పుస్తకాల మీద రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం ఇకనుంచి ముగింపు చెప్పే రాయాలి. చెప్పి, రెండోసారి చదవాలి. ముగింపు తెలిశాక చదివితే ఏ పేజీలో ఎవరి మాటని ఏ ఆధారంతో నమ్మమన్నారో, ఎవరి మాటని ఏ ఆధారంతో పక్కన పెట్టమన్నారో తేటగా కనబడుతుంది. మలుపుతో తీరిపోయే పుస్తకమేదో, మలుపు తర్వాత కూడా ఆ స్త్రీ మిగిలి ఉండే పుస్తకమేదో తేలిపోతుంది. మనలో కథలు రాసేవాళ్ళకి కూడా ఇది పనికొచ్చే లెక్కే. పాఠకుల అనుమానాన్ని వాడుకుని ఆశ్చర్యపరచాలనుకుంటే వాడుకోండి. ఆ అనుమానానికి ఇన్నాళ్ళూ మూల్యం చెల్లించిన పాత్రకి చివర్లో ఏమిస్తున్నారో కూడా చూసుకోండి.

అలీసియా డైరీని రెండోసారి చదివితే అందులో రహస్యమంటూ ఏమీ కనబడదు. ఒక మనిషి తనకి జరుగుతున్నదాన్ని తేదీలతో సహా రాసుకుంది, దగ్గరివాళ్ళకి చెప్పుకుంది. వాళ్ళు వినలేదు. అది నిజమని తేలటం లక్షలమందికి ఊహించని ముగింపుగా అనిపించింది. దాన్ని రచయిత తెలివి ఖాతాలో వేసి ఊరుకోవటానికి నాకు మనసొప్పటం లేదు.